సొంత చెయ్యా, మేస్త్రీ చెయ్యా?

మోటారు సైకిలు ఉన్న ప్రతి గృహస్థుకీ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురుకాక మానదు. బండి మొరాయించింది. ఇంట్లో రేకు పెట్టెలో నాలుగు పానాలు, ఒక స్క్రూడ్రైవరు, ఒక సుత్తి ఉన్నాయి. వీధి చివర మేస్త్రీ దుకాణం ఉంది. మనమే విప్పి చూసుకోవడమా, లేక తోసుకుంటూ పోయి ఆయన ముందు నిలబెట్టడమా? (మా ఇంట మెకానిక్కును మేస్త్రీ అనడమే అలవాటు; చదువరులు ఏమీ అనుకోరాదు.)

ఈ విషయంలో నా మిత్రులు రెండు పక్షాలుగా ఉన్నారు. ఒక పక్షంవారు ప్లగ్గు తుడవడానికి కూడా మేస్త్రీ దగ్గరికే పోతారు. ఎవరి పని వారు చేస్తేనే అందం అని వారి వాదం. రెండో పక్షంవారు ఇంజను సమస్తం గోనెపట్టా మీద పరిచి కూర్చుంటారు. మనిషి బిగించినదాన్ని మనిషి విప్పలేడా అని వారి ధీమా. మొదటివారికి డబ్బు పోతుంది. రెండోవారికి ఒక్కొక్కప్పుడు బండే పోతుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇలాంటివారిని చూసే పుట్టి ఉంటుంది.

నేను యంత్రశాస్త్రం చదివినవాణ్ణి కాను. నా చదువు ఎస్.ఎస్.ఎల్.సి.తో ఆగింది. ఇరవై ఏళ్లుగా ఒక కచేరిలో గుమాస్తాగిరీ చేస్తున్నాను. అయినా ఈ ప్రశ్నకు నాకు తోచిన సమాధానం ఒకటి ఉంది. అది పుస్తకాల్లో దొరికినది కాదు. మా ఇంటి బండి నేర్పినది.

మా బండి 250 సి.సి. యెజ్డీ. మా నాన్నగారు బడిపంతులుగా ఉండగా 1987లో అప్పు చేసి కొన్నారు. మైసూరువాళ్లకు ఈ బండి మీద ఉండే మమకారం పైఊరివాళ్లకు చెబితే నవ్వుతారు. యాదవగిరిలో ఐడియల్ జావా కార్ఖానా 1961లో పని మొదలుపెట్టింది. చెకోస్లొవేకియావారి జావా బండిని మొదట ఆ పేరుతోనూ, 1970ల నుంచి యెజ్డీ అన్న పేరుతోనూ అక్కడే తయారుచేశారు. 1996లో ఆ కార్ఖానా మూతపడింది. కార్ఖానా పోయినా బండ్లు పోలేదు. ఏటా జులై నెల రెండో ఆదివారాన్ని జావా దినమని పాటించి, పాత బండ్లవాళ్లంతా పొగ వదులుకుంటూ ఊరేగే ముచ్చట కూడా ఉంది.

ఈ ఇంజను చూడడానికి మహా సులువైనది. ఒకే సిలిండరు, ఒకే పిస్టను. బోరు 65 మిల్లీమీటర్లు, పిస్టను పైకీ కిందికీ నడిచే దూరం 75 మిల్లీమీటర్లు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఉండే వాల్వులు ఇందులో లేవు. గేరు వేసే కాడే మడిస్తే కిక్కు కూడా అవుతుంది. పెట్రోలులోనే నూనె కలిపి పోయాలి. మా నాన్నగారు లీటరుకు 40 మిల్లీలీటర్లు కొలిచి పోసేవారు. ఇంత సులువుగా ఉండడం చేతనే దీన్ని చూసినవాడికల్లా చేతులు దురద పెడతాయి.

కర్ణాటకలో సొంత బండికి మొదట 15 ఏళ్లు రిజిస్ట్రేషను ఇస్తారు. ఆ తరువాత అయిదేళ్లకొకసారి బండిని ఆర్.టి.ఓ. కచేరికి తీసుకుపోయి చూపించి, పొడిగించుకోవాలి. 2002 మొదలు 2017 వరకు నాలుగు పర్యాయాలు నాన్నగారే ఆ పని చూసుకున్నారు. 2018లో ఆయన కాలం చేశారు. బండి నా పేరుకు మారింది. కరోనా రోజుల్లో గుడ్డ కప్పుకుని వరండాలోనే ఉండిపోయింది. 2022 జూన్‌లో మళ్లీ గడువు. సరిగ్గా ఆ జూన్‌లోనే మా అమ్మాయి పి.యు.సి.లో చేరవలసి ఉంది.

ఏప్రిల్‌లో బండిని బయటికి తీశాను. పది కిక్కులకు మొదలైంది. ఊళ్లో ఎలాగో నడిచింది గాని, చాముండి కొండ రోడ్డు ఎక్కేసరికి దాని బండారం బయటపడింది. లాగుడు లేదు. రెండో గేరులోకి దిగినా మూలుగుతున్నది. వెనక పొగ మబ్బులా లేస్తున్నది. ఒక రోడ్డు పక్క దుకాణంలో చూపించాను. అక్కడి కుర్రవాడు రెండు సార్లు యాక్సిలేటరు తిప్పి విని, "బోర్ హోగిదె స్వామీ, ఫుల్ ఇంజిన్ మాడబేకు" అన్నాడు. బోరు పోయింది, ఇంజను మొత్తం చేయాలి అని. 11,500 రూపాయలు అవుతుందన్నాడు.

ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "ఏమండీ, బండి అమ్మేయమని నేననను. అది మామగారి గుర్తు. కాని అమ్మాయి ఫీజు డబ్బు మాత్రం ఇంజనులో పోయకండి" అన్నది. న్యాయమైన మాట. బండి నడవకపోతే రిజిస్ట్రేషను లేదు; రిజిస్ట్రేషను లేకపోతే అది రోడ్డు మీదికి రాదు. చేయిస్తే డబ్బు లేదు. నేనే చేద్దామంటే ఎంతవరకు చేయాలి?

కచేరిలో ఒక కాగితం కనబడకపోతే వెంటనే బీరువా బద్దలు కొట్టం. ముందు బల్ల మీద చూస్తాం, తరువాత సొరుగు, ఆ తరువాత దస్త్రం కట్ట. ఇంజను విషయంలోనూ బయటినుంచి లోపలికి పోవడమే పద్ధతి అనుకున్నాను. దీనికి నాన్నగారి నోటుపుస్తకం తోడయింది. ఆయన చదువంతా కన్నడంలో సాగింది. తెలుగు మాట్లాడడమే గాని రాయడం రాదు. అందుచేత ఆ పుస్తకంలో మాటలు తెలుగు, లిపి కన్నడం. ఏ తేదీన ఏ ప్లగ్గు మార్చారో, ఎన్ని కిలోమీటర్లకు ఏది శుభ్రం చేశారో అంతా ఉంది. 1994లో బోరు చేయించినట్లు, 0.25 సైజు పిస్టను వేయించినట్లు రాసి ఉంది. సైలెన్సరు బాఫిళ్లు చివరిసారి తీసి కడిగింది 2016లో.

ఆ వరుస చూడగానే నాకు పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసింది. పెట్రోలుతోపాటు నూనె కూడా కాలే ఇంజనులో మసి తప్పదు. ఆ మసి సైలెన్సరు లోపలి బాఫిల్ గొట్టానికి పట్టి రంధ్రాలు పూడుకుపోతాయి. పాత పొగ బయటికి పోవడానికి దారి లేకపోతే కొత్త పెట్రోలు గాలి లోపలికి రావడానికి చోటుండదు. వంటింటి పొగగొట్టం మూసుకుంటే పొయ్యి రాజుకోదు, ఇదీ అంతే. యెజ్డీకి సైలెన్సర్లు రెండు. తోక దగ్గర బిగింపు విప్పితే బాఫిల్ చేతికి వస్తుంది.

ఒక ఆదివారం మా అమ్మాయి టార్చిలైటు పట్టుకోగా పని ప్రారంభించాను. మొదట ప్లగ్గు. మంచి ఇంజను ప్లగ్గు మొన లేత కాఫీపొడి రంగులో ఉంటుంది. మాది నల్లగా, జిడ్డుగా ఉంది. కొత్తది తెచ్చి మొనల మధ్య సందు 0.6 మిల్లీమీటరు ఉంచాను. పాయింట్ల సందు ఫీలర్ గేజితో 0.4కు సరిచేశాను. నిలవ ఉన్న పెట్రోలు పారబోసి, కార్బొరేటరు విప్పి, లోపల పేరుకున్న జిగట కడిగాను. జెట్టు రంధ్రంలో తీగ పెట్టి పొడవకూడదు. రంధ్రం ఏమాత్రం పెద్దదైనా కొలత చెడుతుంది. గాలి ఊదితే చాలు. బాఫిళ్లను ప్లాస్టిక్ బాల్చీలో కాస్టిక్ సోడా నీళ్లలో ఒక రాత్రి నానవేసి, మర్నాడు ఇనుప బ్రష్షుతో తోమాము. ఈ సోడాతో ఆటలాడరాదు. చేతులకు రబ్బరు తొడుగులు, కంటికి అద్దాలు ఉండాలి. నీళ్లలో సోడా వేయాలి గాని సోడా మీద నీళ్లు పోయరాదు. అల్యూమినియం పాత్ర దగ్గరికి రానీయరాదు. పెట్రోలు పని వరండాలో గాక ఆరుబయట, పొయ్యికీ దీపానికీ దూరంగా చేసుకోవాలి.

ఖర్చు మొత్తం 700 రూపాయల లోపు. బండి రెండో కిక్కుకే మొదలైంది. కొండ రోడ్డు మూడో గేరులో ఎక్కింది. ఇంతటితో కథ ముగిస్తే నాకు గొప్పగా ఉండేది. కాని ఇంజను వేడెక్కిన తరువాత సిలిండరులో గలగలమనే చప్పుడు పోలేదు. పొగ తగ్గింది గాని మానలేదు. దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచాడు ఇంజను నూనె పోసి, కాలితో మెల్లగా కిక్కు తొక్కి చూడాలి. అంతకుముందు మెత్తగా దిగిన కిక్కు ఇప్పుడు గట్టిగా ఎదురు తంతే, పిస్టనుకూ సిలిండరుకూ మధ్య సందు పెరిగిందని అర్థం. పోసిన నూనె ఆ సందును కాసేపు మూసింది. మా బండి కిక్కు ఎదురు తన్నింది. అంటే ఆ కుర్రవాడు బోరు గురించి చెప్పినమాట నిజమే.

ఇక్కడ అసలు చిక్కు వచ్చింది. మా అమ్మాయి ఫోనులో ఒక వీడియో చూపించింది. ఎవరో ఒకాయన ఇంటి ముందు పీట వేసుకుని కూర్చుని సిలిండరు ఊడదీసి, పిస్టను మార్చి, పావుగంటలో బండి నడిపేశాడు. "నాన్నా, మనమూ చేద్దాం. బోరు ఒక్కటి లేతు మీద చేయించుకొస్తే మిగతాది మనమే" అన్నది. నాకూ ఆశ పుట్టింది. హెడ్డుకున్న నట్లు విప్పడం నాకు రానిది కాదు. కూలి రెండు వేలైనా మిగులుతుంది.

రాత్రి పడుకుని ఆలోచించాను. ఆదివారం నేను చేసిన పనులకూ ఈ పనికీ తేడా ఎక్కడుంది? ప్లగ్గు సరిగా పెట్టకపోతే బండి కదలదు, అంతే. బాఫిల్ సరిగా బిగించకపోతే చప్పుడు చేస్తుంది. ఆ తప్పులన్నీ వాకిట్లోనే బయటపడతాయి, మళ్లీ విప్పి సరిచేసుకోవచ్చు. కాని పిస్టను పిన్ను రెండు కొసలా ఉండే తీగ క్లిప్పు ఒకటి దాని గాడిలో సరిగా కూర్చోలేదనుకోండి. బండి మొదలవుతుంది. ఊరు దాటుతుంది. ఎక్కడో యాభయ్యో కిలోమీటరులో క్లిప్పు ఊడి, కొత్త బోరును నిలువునా గీసేస్తుంది. మా కచేరిలో ఒక మిత్రుడు తన బండి హెడ్డు నట్లను ఒక పక్క పూర్తిగా బిగించి, ఆ తరువాత రెండో పక్క బిగించాడు. ఎదురెదురు నట్లను కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలన్నది ఆయనకు తెలియదు. బండి నెల రోజులు బాగానే నడిచింది. తరువాత హెడ్డు సందున గాలి కారడం మొదలైంది.

కనుక తేడా సులువుకూ కష్టానికీ మధ్య లేదు. తప్పు ఎప్పుడు, ఎక్కడ బయటపడుతుందన్న దాంట్లో ఉంది. అప్పటినుంచి నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఈ పని తప్పితే బండి వాకిలి దాటకముందే తెలుస్తుందా? విప్పినదాన్ని ఎలా ఉన్నది అలాగే మళ్లీ పెట్టగలనా? దీనికి కావలసిన కొలత నా దగ్గరున్న సాధనానికి అందుతుందా? మూడింటికీ అవునంటే పానా పట్టుకుంటాను. ఒక్కదానికి కాదన్నా మేస్త్రీ దగ్గరికి పోతాను. కచేరిలో కూడా నోటు రాసి పెట్టడం గుమాస్తా పని; సంతకం అధికారిది. నోటు బాగా రాసినవాడికి సంతకం హక్కు రాదు. అలాగని నోటు రాయడమే మానుకుంటే కచేరి నడవదు.

క్రాంకు సంగతి అయితే ప్రశ్నే లేదు. దాన్ని ప్రెస్సు మీద నొక్కి బిగిస్తారు. వంకర ఉందా లేదా అన్నది డయల్ గేజి చెప్పాలి. అది ఇంట్లో చేసే పని కాదు. బ్రేకుల మాట వేరు. అక్కడ తప్పుకు మూల్యం డబ్బు కాదు గనుక, అణుమాత్రం అనుమానమున్నా తెలిసినవారికి చూపించడమే మేలు.

మర్నాడు కచేరి తరువాత ఒక పెద్ద మేస్త్రీ దగ్గరికి పోయాను. ఈ బండ్లతోనే తల నెరిసిన మనిషి. నేను చేసిన పనులన్నీ వరుసగా చెప్పి, నోటుపుస్తకం చూపించాను. ఆయన నవ్వలేదు. కన్నడ లిపి గనుక చక్కగా చదువుకుని, మాటలు అర్థంకాని చోట నన్ను అడిగారు. సిలిండరు తీసి నా ఎదుటే కొలిచారు. కనెక్టింగ్ రాడ్డును పట్టుకుని పైకీ కిందికీ ఆడించి, "ఇక్కడ ఆట లేదు స్వామీ, క్రాంకు ముట్టుకోనక్కర లేదు" అన్నారు. 1994లో 0.25 అయింది గనుక ఇప్పుడు 0.50 పిస్టను. బోరు, పిస్టను, రింగులు, కూలి అన్నీ కలిపి 5,800. ఫుల్ ఇంజిన్ అవసరం లేకపోయింది. మొదటి 500 కిలోమీటర్లు వేగం పెంచకుండా, నూనె కాస్త ఎక్కువ కలిపి నడపమన్నారు. అలాగే నడిపాను.

నా ఆదివారం పనివల్ల మిగిలింది కూలి ఒక్కటే కాదు. మేస్త్రీ దగ్గరికి పోయేటప్పుడు ఏం అడగాలో తెలిసింది. బండి గురించి ఏమీ తెలియనివాడు మేస్త్రీ దగ్గర "ఏదో చూడండి" అంటాడు. ఏదో చూస్తే ఏదో ఒకటి కనబడుతుంది. "వేడెక్కాక ఈ చప్పుడు వస్తున్నది, ఇవి ఇవి శుభ్రం చేశాను, నూనె పోస్తే కిక్కు గట్టిపడింది" అంటే ఆయన పని సగానికి వస్తుంది. ఏం చేయబోతున్నారో ముందే కాగితం మీద రాయించుకోవడం, తీసేసిన పాత సామాన్లు అడిగి తెచ్చుకోవడం అనుమానం కాదు; లెక్క. నిజాయితీ గల మేస్త్రీ దీనికి నొచ్చుకోడు. అలాగే ఆయన అడిగిన న్యాయమైన కూలి దగ్గర బేరమాడరాదు. ఆ చేతికి చెల్లించేది ఆ గంటకు కాదు, అంతకుముందు గడిచిన ముప్పై ఏళ్లకు.

మన సంఘంలో చాలామంది ఇళ్లలో ఇప్పుడున్నవి కొత్త బండ్లు. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.6 నిబంధన వచ్చాక వాటిలో చాలావాటికి కార్బొరేటరు పోయి, పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు వచ్చింది. 2018లో మళ్లీ వచ్చిన జావా, 2022లో వచ్చిన యెజ్డీ కూడా పాత పేరు పెట్టుకున్న కొత్త ఇంజన్లే. వాటిలో దీపం వెలిగితే జబ్బు చెప్పేది చెవి కాదు, స్కానరు. వారంటీ గడువులో ఇంజను ముట్టుకోకపోవడమే మంచిది. అయినా గొలుసు శుభ్రం చేసి నూనె రాయడం, టైర్ల గాలి చూడడం, ఇంజను నూనె మట్టం చూసుకోవడం, గాలి ఫిల్టరు దులపడం యజమాని చేతిలోనే ఉన్నాయి. నూనె మార్చడం ఇంట్లో చేసేవారు, కింది బోల్టును బలం కొద్దీ బిగించకండి. అల్యూమినియం మరలు అరిగితే పెద్ద పని పడుతుంది. తీసిన పాత నూనె కాలువలో పోయక, డబ్బాలో పట్టి మేస్త్రీ దుకాణానికి ఇవ్వండి.

అన్నీ తెలిసినవాడు లేడు, ఏమీ తెలియనివాడు లేడు అని పెద్దలు అన్నారు. ఆ రెండు ముక్కల్లో ఏది ఎక్కడ వర్తిస్తుందో తెలుసుకోవడమే ఇందులో ఉన్న కిటుకు.

ఆ జూన్‌లో ఆర్.టి.ఓ. కచేరిలో బండి చూపించాను. అయిదేళ్ల పొడిగింపు దొరికింది. ఫీజు డబ్బు ముట్టుకోలేదు. రెండు నెలల పొదుపుతో మేస్త్రీ లెక్క తీరింది. అమ్మాయి కాలేజీలో చేరింది. నోటుపుస్తకంలో నాన్నగారి చివరి వరుస కింద బోరు తేదీ, పిస్టను సైజు తనే రాసింది. తనకూ తెలుగు మాటలే గాని లిపి కన్నడమే. మళ్లీ బాఫిళ్లు తీయవలసిన కిలోమీటరు లెక్క కూడా వేసి, ఆ పని తనకు వదిలేయమని నాతో చెప్పింది.